గనులాయన గడప దాటడం

మొన్న ఏలూరులో మనవరాలికి చెవిదిద్దులు కొందామని ఇంటిల్లిపాదీ ఒక పెద్ద బంగారు కొట్టుకి వెళ్ళాం. కొనడం అయ్యాక బయటికి వస్తూంటే తలుపు దగ్గర కాపలా మనిషి సంచీ ఒకసారి చూపించమన్నాడు. మా కోడలికి చర్రున కోపం వచ్చింది. మేం దొంగల్లా కనపడుతున్నామా అని అతని మీద లేచింది. అందరివీ చూస్తామండీ, మీదొక్కటే కాదండీ అని అతను గొణుక్కున్నాడు. ఆ గొడవలో నన్నెవరూ పట్టించుకోలేదు గానీ, నేను సంచీ కింద పెట్టేసి, రెండు అరచేతులూ వెల్లకిలా చాచి నిలబడి ఉన్నాను. వెళ్ళండమ్మా అని అతను అన్నాక గానీ నాకు కాలు కదల్లేదు.

దారిలో ఎవరూ ఏమీ అడగలేదు. ఈ వయసులో మనం ఏం చేసినా వయసు మీదికే పోతుంది, అదో సుఖం. నాకు మాత్రం గనులాయన గుర్తొచ్చి ఇంటికి చేరేదాకా కళ్ళు తడుస్తూనే ఉన్నాయి.

అందరం ఆయన్ని గనులాయన అనే అనేవాళ్ళం. పేరు లేకుండా ఎవరూ పెరగరు కాబట్టి ఉండే ఉంటుంది, నేను ఎప్పుడూ వినలేదు. నేను కాపరానికి తాడేపల్లిగూడెం వచ్చింది యాభైల మొదట్లో. మా మావగారు ఒక రైసుమిల్లులో గుమాస్తా. మిల్లుకి ఎదురుగానే మా ఇల్లు. గనులాయన ఆ మిల్లుకి గేటు కాపలా. పొద్దుగూకే వేళ గోడౌను తాళాలు తెచ్చి మా వసారాలో మేకుకి తగిలించి వెళ్ళడం ఆయన పని.

మొదటిసారి చూసినప్పుడు నాకు భయం వేసింది. నేను వచ్చి పట్టుమని వారం కాలేదు. అత్తగారు పెరుగు తోడుకని పక్కింటికి వెళ్ళారు, మావగారు పెరట్లో నీళ్ళు పోసుకుంటున్నారు. ఈయన వచ్చి తాళాలు తగిలించాడు. ఇక వెళ్ళిపోతాడనుకుని తలుపు చాటు నుంచి చూస్తున్నాను. గడప దగ్గర ఆగాడు. వీధివైపు మొహం పెట్టి, భుజం మీది తుండుగుడ్డ తీసి దులిపాడు. బొడ్డు దగ్గర దోపుకున్న పంచె మడత విప్పి, చూపించి, మళ్ళీ దోపుకున్నాడు. జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి విదిలించాడు. తర్వాత నోరు తెరిచి, నాలుక పైకెత్తి, అరచేతులు ముందుకు చాచి నిలబడిపోయాడు. ఎదురుగా మిల్లు గోడ తప్ప ఏమీ లేదు. పిచ్చివాడేమో అనుకున్నాను. ఎంతసేపటికీ కదలడే.

అంతలో అత్తగారు తోడు గిన్నెతో వీధిలోంచి వచ్చారు. ఆయన్ని చూసి ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "ఏమీ లేదు, వెళ్ళిరావయ్యా" అన్నారు. ఆయన చేతులు దించి, చిత్తమండి అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అత్తగారు నావైపు తిరిగి, మెత్తగానే మందలించారు.

"పెద్దాయన్ని అలా నిలబెట్టేశావేంటమ్మా? వెళ్ళేటప్పుడు ఆ మాట అనాలి. అనకపోతే వెళ్ళలేడు."

ఎందుకండీ అంటే, గనుల్లో అలా అలవాటంట, ఒక మాట అంటే మన సొమ్మేం పోయిందని లోపలికి వెళ్ళిపోయారు. నేను కొత్తకోడల్ని, పరాయి మగవాడితో మాట్లాడడానికి సిగ్గు. ఆ మాట ఆవిడకే వదిలేశాను. ఆవిడా దాన్ని ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. చుట్టాలొచ్చినా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా, ఆ వేళకి వంటింట్లోంచి ఆవిడ గొంతే వినపడేది.

ఆయన పొట్టి మనిషి. నడుస్తుంటే తల కాస్త వంచి నడిచేవాడు, పైన ఏదో తగులుతుందన్నట్టు. మా వసారాలో కూర్చోబోయే ముందు స్తంభాన్ని వేలి కణుపులతో రెండుమూడు చోట్ల కొట్టి, చెవి పెట్టి విని, అప్పుడు కూర్చునేవాడు. మావగారు ఏడిపించేవారు, ఎప్పుడు పడుతుందంటావయ్యా మా ఇల్లు అని. ఇంకా చాలా కాలం ఉంటుందండీ అని నిజంగానే జవాబు చెప్పేవాడు. మంచినీళ్ళిస్తే చివరి గుక్క తాగేవాడు కాదు. గ్లాసు పట్టుకుని వెళ్ళి అరుగు పక్క కనకాంబరం మొక్క మొదట్లో పోసి వచ్చేవాడు. ఏటా వానలకి ఎర్రకాలవ పొంగి సగం గూడెం మునిగే చోట ఆ గుక్కెడు నీళ్ళ పొదుపేమిటో నాకు నవ్వొచ్చేది. ఒకసారి మావగారితో కొల్లేటికోట అమ్మవారి జాతరకి పడవెక్కి వెళ్ళొచ్చాడు. ఎలా ఉంది కొల్లేరు అంటే, ఇన్ని నీళ్ళు ఊరికే పడున్నాయేంటండీ అన్నాడు. మా ఊళ్ళో నీళ్ళు రైల్లో వచ్చేవండీ అన్నాడు.

మా ఊరు అనేవాడు, అంతే. ఏ ఊరని అడిగితే, ఇప్పుడు ఊరే లేదు కదండీ, ఇంక పేరెందుకు అనేవాడు. రాయలసీమ దాటాక ఎక్కడో కొండల్లో బంగారు గనులున్న ఊరు. సాయంత్రాలు నేనూ అత్తగారూ బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే, మావగారు వచ్చేలోగా వసారాలో కూర్చుని ఆ ఊరి సంగతులు చెప్పేవాడు. వరసగా చెప్పేవాడు కాదు. ఒకరోజు గడియారపు స్తంభం, ఒకరోజు ఆసుపత్రి, ఒకరోజు మేకలు.

ఎప్పటి రాజులో తవ్వి వదిలేసిన గుంతలు ఆ కొండల్లో ఉండేవట. వాటిని చూసి దొరలు వచ్చారు. వాళ్ళ వెనక పొగగొట్టాలు, వాటి వెనక కూలీలు, కూలీల వెనక కొట్లు వచ్చాయి. ముళ్ళకంపా గుండ్రాళ్ళూ తప్ప ఏమీ లేని చోట బజారు వెలిసింది. గుడి, దర్గా, చర్చి, మూడూ ఒకే వీధిలో. మనుషులు నాలుగు భాషల్లో తిట్టుకునేవారట, ఐదో భాషలో కలిసి తాగేవారట. కిందికి ఇనప బోనులో దిగేవారు. పైన రాయి దంచే మిషన్లు రాత్రీ పగలూ ఆగకుండా దంచేవి. ఆ చప్పుడులో పుట్టిన పిల్లలకి అదే జోల. ఎప్పుడైనా మరమ్మతుకని ఆపితే ఊళ్ళో పసిపిల్లలందరూ ఒక్కసారి లేచి ఏడ్చేవారట. అందుకేనేమో, గనులాయన మిల్లు ఆడుతున్నన్నాళ్ళూ గేటు గదిలో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ధాన్యం లేక మిల్లు ఆపేసిన రోజుల్లో కళ్ళు ఎర్రగా చేసుకుని తిరిగేవాడు. నిద్రపోతే జీతమిచ్చే కాపలా ఉద్యోగం నీకే దొరికిందయ్యా అని మావగారు వేళాకోళం చేసేవారు.

బంగారం ఎలా ఉంటుందండీ గనిలో అని ఒకరోజు నేనే ధైర్యం చేసి అడిగాను. రాయిలా ఉంటుందండీ అన్నాడు. మీసాలు రాకముందు దిగి, తల నెరిసేదాకా తవ్విన మనిషి బంగారం కంటితో చూడలేదు. అది రాయిలోంచి విడేది ఇంకెక్కడో, ఇంకెవరి చేతుల్లోనో. అయినా రోజూ పని అయ్యి ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర సోదా. తుండుగుడ్డ, పంచె మడత, జుట్టు, నోరు, అరచేతులు. సోదా మనిషి అంతా చూసి, "ఏమీ లేదు, పో" అనాలి. అంటేనే గేటు దాటడం. కూలీ ఇంట్లో గోరంత బంగారం కనపడినా ఎక్కడిదని పోలీసులొస్తారని, ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మెళ్ళో పసుపుకొమ్ము కట్టుకునేవారు తప్ప బంగారు పుస్తె కట్టుకునేవారు కాదట. మా ఆవిడా కొమ్ముతోనే పోయిందండీ అన్నాడు. అత్తగారు బియ్యం చేట పక్కన పెట్టేశారు. ఆవేళ ఇంక ఏరలేదు.

ఆ ఊరు ఎలా పోయిందంటే, ఒక్కరోజులో పోలేదు. బంగారపు చాలు సన్నబడింది. ఇంకా లోతుకి వెళ్ళారు, అక్కడా సన్నబడింది. ముందు క్లబ్బు మూశారు, తర్వాత బడి, తర్వాత నీళ్ళ రైలు వారానికోసారి అయింది. చివరికి గనులు మూసేస్తున్నామన్నారు. జనం తలుపులూ కిటికీలూ కూడా ఊడబెరుక్కుని బళ్ళ మీద వేసుకుపోయారు. చివరి రోజున ఈయన్ని మరి నలుగురితో కిందికి దింపారు, కప్పు కూలకుండా నిలబెట్టిన దుంగల్లో పనికొచ్చేవి పైకి తెమ్మని. పైకి వచ్చేసరికి మిషన్ల చప్పుడు లేదు. మిగతావాళ్ళు చకచకా వెళ్ళిపోయారు. ఈయన గేటు దగ్గరికొచ్చి, అలవాటుగా అన్నీ దులిపి, నోరు తెరిచి, చేతులు చాచి నిలబడ్డాడు. సోదా గదిలో ఎవరూ లేరు. తలుపు గాలికి కొట్టుకుంటోంది.

"వెళ్ళిపోవచ్చండీ. ఎవరూ ఆపలేదు. కానీ ఎలా వెళ్తామండీ, చూడకుండా, చెప్పకుండా?"

పొద్దుగూకేదాకా నిలబడ్డాడట. భార్య వెతుక్కుంటూ వచ్చి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ ఎక్కువకాలం లేదు. పూడ్చింది అక్కడే. కొన్నాళ్ళకి సమాధి చూద్దామని వెళితే ఊళ్ళో మిగిలింది మొండిగోడలు. స్తంభం మీది గడియారం పెరుక్కుపోతే గుండ్రటి కన్నం మిగిలింది, అందులో పావురాలు కాపరం పెట్టాయి. యుద్ధం రోజుల్లో గూడెంలో విమానాలు దిగడానికి మైదానం వేస్తున్నారని విని, రాళ్ళు కొట్టే పనికి ఇటు వచ్చాడు. యుద్ధం అయిపోయి ఆ మైదానమూ బోసిపోయింది. నేను కాలు పెట్టిన చోటల్లా ఖాళీ అవుతుందండీ, మీ మిల్లు జాగ్రత్త అనేవాడు మావగారితో.

మిల్లులో ఆడవాళ్ళు పని దిగి వెళ్ళేటప్పుడు నూకలు ఒళ్ళో కట్టుకుపోతున్నారేమో చూడమని యజమాని హుకుం. గనులాయన గేటు దగ్గర నిలబడేవాడు గానీ, వాళ్ళు కొంగు దులపబోయేలోగానే, ఏమీ లేదు వెళ్ళండమ్మా, ఏమీ లేదు వెళ్ళండమ్మా అని వరసగా పంపించేసేవాడు. ఒక్కోసారి కొంగులోంచి నూకలు రాలుతున్నా అదే మాట. గుమాస్తాగా అభ్యంతరం చెప్పవలసిన మా మావగారికి సరిగ్గా ఆ వేళకే కళ్ళజోడు తుడుచుకోవడం గుర్తొచ్చేది.

ఇలా ఉండగా మాకు పెద్దమ్మాయి పుట్టింది. నాకు అమ్మ లేదు. అందుకని పురుడు అత్తగారే పోశారు, బారసాలా గూడెంలోనే చేశారు. ఆకివీడు నుంచి మా బాబాయి వచ్చాడు. బియ్యంలో పేరు రాయడానికని ఒక ఉంగరం చేయించి తెచ్చాడు. గనులాయన తెల్లగా ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, స్తంభం కొట్టి చూసి, వసారాలో కూర్చున్నాడు. అత్తగారు పిల్లని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టారు. పిల్ల వెలుతురికి కళ్ళు చికిలిస్తోంది. ఇప్పుడే గనిలోంచి పైకొచ్చిందండీ పాపం, కాసేపటికి అలవాటవుతుంది అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నా కడుపుని ఎవరూ అంత బాగా పొగడలేదు.

మావారు పళ్ళెంలో పోసిన బియ్యంలో ఉంగరంతో పేరు రాశారు. భోజనాలయ్యాక పిల్ల చేతిలో ఉంగరం పెట్టి చూసుకుందామని బాబాయి అడిగితే ఉంగరం లేదు. చాపలు దులిపారు, ఉయ్యాల వెతికారు, విస్తళ్ళు ఎత్తి చూశారు. లేదు. అంతలో మిల్లు కూత వేసింది. గనులాయన లేచాడు. వెతుకులాటలో ఉన్న ఇంటినిండా జనం చూస్తుండగా గడప దగ్గర ఆగి, తుండుగుడ్డ దులిపాడు. మడత విప్పాడు. జుట్టు విదిలించాడు. నోరు తెరిచి చేతులు చాచాడు.

మా బాబాయికి ఈ అలవాటు సంగతి తెలీదు. "నిన్నెవరడిగారయ్యా? గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది" అన్నాడు.

అని ఊరుకోలేదు. లేచి వెళ్ళి, ఆ తుండుగుడ్డ తీసుకుని తడిమాడు, బొడ్డు మడత లాగి చూశాడు. ఏమీ లేదు. లేకపోతే లేదని ఒక మాటైనా అనకుండా తిరిగొచ్చి కూర్చున్నాడు. వియ్యాలవారని మావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. నేను బాలింతరాలిని, గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. గనులాయన అలాగే నిలబడి ఉన్నాడు. రెండోసారి కూత వేసింది. అయినా వెళ్ళలేకపోయాడు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. చేతులు పిండితో ఉన్నాయి. అందరి మధ్యనుంచీ నడిచి గడప దగ్గరికి వెళ్ళారు. ఎప్పుడూ ఆయన్ని వరస పెట్టి పిలవని మనిషి, ఆవేళ ఊరంతా వినేలా అన్నారు.

"ఏమీ లేదు, వెళ్ళిరండి అన్నయ్యగారూ."

ఆయన చిత్తమని కూడా అనకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పురోహితుడుగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. పేరు రాసిన బియ్యం ఆయనకిచ్చే ఆనవాయితీ కదా, పళ్ళెం పళ్ళెంగా ఆయన అంగవస్త్రంలోకి ఒంపేసింది మా ఆడపడుచు. బియ్యం కడుగుతూంటే వాళ్ళావిడ చేతికి ఉంగరం తగిలిందట. కబురు అందాక బాబాయి సిగ్గుపడి ఆకివీడు నుంచి బుట్టెడు కొల్లేటి చేపలు పంపాడు. అత్తగారు పులుసు పెట్టి గిన్నెడు గేటు దగ్గరికి పంపించారు. గనులాయన తిన్నాడు, బాగుందన్నాడు. మావగారు స్వయంగా వెళ్ళి, మనసులో పెట్టుకోకు, ఇంటికి రావయ్యా అన్నారు. కోపమేం లేదండీ అన్నాడట.

"లోపలికొస్తే మళ్ళీ బయటికి రావాలి కదండీ" అన్నాడట.

అది మొదలు మా గడప తొక్కలేదు. సాయంత్రం వీధిలోనే నిలబడి, తాళాలు అరుగు మీద పెట్టేవాడు. స్తంభం కొట్టి చూసేవారు లేరు, కనకాంబరానికి గుక్కెడు నీళ్ళు లేవు. తుండుగుడ్డ దులపడం మానేశాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేవాడు. చూడలేకపోయేదాన్ని.

మా అత్తగారు మొండిమనిషి. ఆయన లోపలికి రాకపోతేనేం, తాళాలు గలగలమనగానే ఎక్కడున్నా, ఏమీ లేదు వెళ్ళిరండి అన్నయ్యగారూ అని వీధిలోకి కేక వేసేవారు. ఆయన తల తిప్పేవాడు కాదు. కానీ ఆ కేక వినపడేదాకా కదిలేవాడూ కాదు. ఏళ్ళ తరబడి ఇలాగే జరిగింది. దారినపోయేవాళ్ళు ఇద్దరినీ చూసి నవ్వుకునేవారు.

ఒక వేసవిలో అత్తగారూ మావగారూ మొక్కు తీర్చుకోవడానికి ద్వారకా తిరుమల వెళ్ళారు. ఆ వెనకే గనులాయనకి జ్వరం తగిలింది. ఆయనకి మొదట్నించీ ఆయాసం ఉంది, గని దుమ్మంట. రెండోరోజుకి మనిషి లేవలేదని మిల్లు ఆడవాళ్ళు వచ్చి చెప్పారు. నేను జావ కాచుకుని, గిన్నె పట్టుకుని మిల్లు గేటు గదికి వెళ్ళాను. అన్నేళ్ళలో ఆయన గదికి వెళ్ళడం అదే మొదలు. ఒక చాప, ఒక కుండ. గోడకి గనులాయనే కొట్టుకున్న మేకు, దానికి తుండుగుడ్డ. పక్కన మిల్లు ధడధడా ఆడుతోంది.

జావ రెండు చెంచాలు తాగాడు. తర్వాత గేటు వైపు చూసి, అక్కడెవరైనా ఉన్నారాండీ అని అడిగాడు. ఉన్నారండీ, పడుకోండి అన్నాను. అత్తగారేరన్నాడు. తిరుమల వెళ్ళారని చెప్పాను. అప్పుడు చాప మీద పడుకునే, రెండు చేతులూ పక్కలకి తెచ్చి, అరచేతులు పైకి తిప్పి పెట్టాడు. అన్నేళ్ళూ వీపు వెనక దాచుకున్న చేతులు.

"చూసి చెప్పండమ్మా" అన్నాడు.

నేను మేకు మీంచి తుండుగుడ్డ తీసి దులిపాను. పంచె మడత విప్పి చూసి మళ్ళీ దోపాను. జుట్టులో వేళ్ళు పెట్టి నెమ్మదిగా విదిలించాను, పిల్లలకి చేసినట్టు. నోరు తెరిచాడు. వంగి చూశాను. రెండు అరచేతులూ ఒకటి తర్వాత ఒకటి నా చేతుల్లోకి తీసుకుని, వేళ్ళ మధ్య కూడా చూశాను. అరచేతుల్లో చర్మం ఎప్పుడో రాయిగా మారిపోయింది. అంతా చూశాకే చెప్పాను.

"ఏమీ లేదండీ. వెళ్ళిరండి."

ఆయన గుప్పిళ్ళు మూసుకున్నాడు. మిల్లు ఆడుతూనే ఉంది. కాసేపటికి గుర్రుపెట్టడం వినపడింది. జావ గిన్నె మూత పెట్టి ఇంటికొచ్చాను. మిల్లు ఆపిన వేళకి ఆడవాళ్ళు వెళ్ళి చూస్తే ప్రాణం లేదని వచ్చి చెప్పారు.

అత్తగారు రెండోరోజు తిరిగొచ్చారు. చేతిలో ప్రసాదం సంచీ, రిక్షా దిగుతుండగానే ఎవరో చెప్పేసినట్టున్నారు. గుమ్మంలో నన్ను చూసి, ఎలా పోయాడని అడగలేదు.

"ఆయనకి ఎవరైనా చెప్పారా అమ్మాయీ?"

"చెప్పానండీ. చూసే చెప్పాను" అన్నాను. ఆవిడ నా తల ఒకసారి నిమిరి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళారు. ఏడవలేదు. వంటకి కూర్చున్నారు.

సాయంత్రం వీధిలో తాళాలు గలగలమన్నాయి. కూర తరుగుతున్న కత్తిపీట వదిలేసి అత్తగారు గబగబా గడప దాకా వచ్చి, రోజూ వేసే కేకే వేశారు. "ఏమీ లేదు, వెళ్ళిరండి అన్నయ్యగారూ."

కొత్తగా పెట్టిన గేటు మనిషి తాళాలు చేత్తో పట్టుకుని, తన వెనక ఎవరున్నారా అని వీధంతా తిరిగి చూశాడు.